పాలమూరు శిలలు - ఉత్తరదేశపు రూనులు

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న నడిగడ్డయందును, కృష్ణకు ఉత్తరముగా వనపర్తి మొదలు నాగర్‌కర్నూలు మీదుగా నల్లమల అంచువరకు వ్యాపించిన మెట్టభూములయందును, ఊరి మొగదల, చెరువుకట్టమీద, శివాలయ ప్రాకారపు మూలను, పొలిమేర వేపచెట్టు క్రింద నిలిచియున్న చెక్కుడు రాళ్ళను చూడనివారు ఆ ప్రాంతమున పుట్టి పెరిగినవారిలో ఉండరు. కొన్నింటిపై అక్షరములు కలవు. కొన్నింటిపై కత్తి దూసిన వీరుడో, చేయెత్తిన సతియో, పడగ విప్పిన నాగమో కలదు. కొన్నింటిపై సూర్యచంద్రులు మాత్రము మిగిలి, తక్కినదంతయు ఎండవానలకు అరిగిపోయినది. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానముల పేరు చెప్పగానే మనకు కవిపండిత సన్మానములును, కోటలును, జరీ అంచు చీరలును స్మరణకు వచ్చుచున్నవి గాని, ఆ సంస్థానములు పుట్టుటకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే ఆ నేలపై నిలిచిన ఈ శిలలు మాత్రము పండితుల పట్టికలలోనే మిగిలిపోయినవి. ఆ పట్టికలలో సైతము వానికి దక్కిన గౌరవము రాజవంశముల కాలనిర్ణయమునకు పనికివచ్చు సాధనములుగానే గాని, ఒక యింటివారు తమ మృతులకొరకు నిలుపుకొన్న స్మృతిచిహ్నములుగా కాదు. ఈ రెండవ దృష్టితో వానిని చదువవలెనని నా మనవి. ఆ దృష్టి యెట్టిదో తెలిసికొనుటకు మనకు మిక్కిలి దూరమున నున్న ఒక జాతివారి రాళ్ళు తోడ్పడుచున్నవి.

ఐరోపాఖండమునకు ఉత్తరాగ్రమున, సముద్రపు పాయలును, దట్టమైన అడవులును, దీర్ఘమైన శీతకాలములును గల స్కాండినేవియా దేశములలో, క్రీస్తుశకము తొలి శతాబ్దములయందే ఒక లిపి వాడుకలోనికి వచ్చెను. దానిని రూన్ లిపి యందురు; మొదటి ఆరు అక్షరముల ధ్వనులను కూర్చి ఆ వర్ణమాలకు ఫుథార్క్ అని పేరు పెట్టిరి. డెన్మార్కు దేశమున వీమోసె అను చిత్తడినేలలో దొరికిన ఒక దువ్వెనపై సుమారు క్రీ.శ. 160 ప్రాంతమున చెక్కిన ఒకే ఒక పదము కలదు. నార్వేలో 2021లో ఒక సమాధిని త్రవ్వినపుడు బయల్పడి, 2023 జనవరిలో లోకమునకు ప్రకటితమైన స్వింగెరుడ్ శిల క్రీ.శ. 1కిని 250కిని నడిమి కాలమునకు చెందినదని నిర్ణయించినారు. తొలినాటి వర్ణమాలలో అక్షరములు 24. వైకింగులు సముద్రముల నేలిన కాలమునకు అవి తగ్గి 16 అయినవి. భాషలోని ధ్వనులు పెరుగుచుండగా అక్షరములు తగ్గుట వింతయే గాని జరిగినది అదియే. కకారమునకును గకారమునకును, తకారమునకును దకారమునకును ఒకే గుర్తు చాలునని వారు సరిపెట్టుకొనిరి. ఏబదికి పైబడిన అక్షరములును, గుణింతములును, వత్తులును గల లిపితో పెరిగిన మనకు ఇంతటి పొదుపు ఊహకైనను అందదు.

ఆ లిపి స్వరూపమునకు కారణము కొయ్య. కొయ్యపై కత్తితో గాటు పెట్టునపుడు, నారకు అడ్డముగా పెట్టిన గాటు స్పష్టముగా నిలుచును; నార వెంబడి పెట్టినది నారలో కలిసిపోవును. కాబట్టి రూనులలో నిలువుగీతలును ఏటవాలు గీతలునే గాని, నార వెంబడి సాగు అడ్డగీతలు లేవు. వంపులు మిక్కిలి తక్కువ. మన లిపిచరిత్రలో దీనికి సరిగా ప్రతిబింబమైన కథ కలదు. తాటియాకుపై గంటముతో వ్రాయునపుడు ఈనెల వెంబడి సాగిన నిడుపు గీత ఆకును చీల్చును గనుక, దక్షిణదేశపు లేఖకులు గుండ్రదనమును ఆశ్రయించిరని లిపిశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అక్కడ కొయ్య అక్షరమును కోణములుగా విరిచినది. ఇక్కడ ఆకు అక్షరమును వలయములుగా చుట్టినది. తరువాత ఉభయులును రాతిని చేపట్టినపుడు, కొయ్యపై పుట్టిన కోణములను వారును, ఆకుపై అలవడిన వంపులను మనవారును రాతికి ఎక్కించిరి. నల్లరాతిపై ఒక గుండ్రని అక్షరమును తీర్చుటకు శిల్పి ఉలిని ఎన్నిమార్లు త్రిప్పవలెనో, ఆ వంపునందు ఎక్కడ పెచ్చు లేచిపోవునోయని ఎంత ఊపిరి బిగబట్టవలెనో ఆలోచించినచో, మన ప్రాచీన శిల్పులయెడ గౌరవము ఇనుమడించును.

నార్వేలోని బెర్గెన్ నగరమున 1955లో రేవుప్రక్కనున్న ప్రాత పేట అగ్నికి ఆహుతి కాగా, ఆ బూడిద క్రింద త్రవ్వకములు సాగించినవారికి రూన్ లిపిలో చెక్కిన వ్రాతలు వందలకొలది లభించెను; వానిలో పెక్కు చిన్నచిన్న కొయ్యపుల్లలు. సరకుల మూటలకు కట్టిన యజమానుల పేర్లు, బాకీల లెక్కలు, ప్రార్థనలు, ప్రేమలేఖలు. అందొకదానిలో గ్యూడా అను ఇల్లాలు తన పెనిమిటిని ఇంటికి రమ్మని చెప్పి పంపినది. మధ్యయుగమున రాత పండితుల సొత్తనియు రాజుల అలంకారమనియు మనము తలచుచుందుము. ఈ పుల్లలు ఆ తలపును పటాపంచలు చేసినవి. మన పల్లెలలో ఇట్టి దైనందిన వ్యవహారమునకు తాటియాకులును కరణముల కవిలెలును ఉండెను గాని, వానిని చెదపురుగులును వానలును మ్రింగినవి. చలిదేశపు బురద కొయ్యను దాచినట్లు మన ఎఱ్ఱనేల ఆకును దాచలేదు. కనుక మన పూర్వుల ఇంటి మాటలను కూడ మనము రాతిపైననే వెదకికొనవలసియున్నది.

రాజుల రాళ్ళు రెండు దేశములందును కలవు. వానిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. డెన్మార్కులోని యెల్లింగ్ గ్రామమున హారల్డ్ రాజు సుమారు 965లో తన తండ్రి గోర్మునకును తల్లి థ్యూరాకును స్మృతిగా నిలిపిన మహాశిలపై, ఒక ముఖమున సర్పముతో పెనగులాడు మృగమును, వేరొక ముఖమున క్రీస్తు మూర్తియు చెక్కబడి యున్నవి. డేనులను క్రైస్తవులను చేసినది తానేయని ఆ రాజు దానిపై చాటుకొన్నాడు. మన ఆలంపురమున అంతకు సుమారు మూడు శతాబ్దములకు పూర్వమే బాదామి చాళుక్యుల నవబ్రహ్మాలయములు లేచినవి. వినయాదిత్యుని కాలమున (681-696) రాణి గౌరవార్థమై లోకాదిత్యుడు స్వర్గబ్రహ్మాలయమును కట్టించినట్లు అచ్చటి శాసనము తెలుపుచున్నది. విజయాదిత్యుని నాటి శక 635వ సంవత్సరపు శాసనము, అనగా క్రీ.శ. 713 నాటిది, మన దక్షిణాది లిపిలో గాక ఔత్తరాహమైన సిద్ధమాతృకా లిపిలో చెక్కబడినది. ఆ యాలయముల శిఖరములు సైతము ఉత్తరాది నాగరరీతివే. తుంగభద్ర యొడ్డున కూర్చున్న ఒక శిల్పి తన నాటి సాటివారికి అలవాటులేని అక్షరములను రాతిపై తీర్చెననగా, ఆనాటి మన నేల ఎన్ని దారులకు కూడలియో గ్రహింపవచ్చును.

అయినను నా మనస్సు ఎక్కువగా లగ్నమగునది వీరగల్లులయందు. పాలమూరు పల్లెలలోని వీరగల్లును ఒకదానిని దగ్గర నిలిచి చూడుడు. నిలువెత్తుకు కొంచెము తక్కువైన పలక. క్రింది భాగము మట్టిలో పాతుకొనియుండును. సాధారణముగా దానిని అంతస్తులుగా విభజింతురు. అడుగు అంతస్తున యుద్ధము. వీరుడు తక్కిన వారికంటె పెద్దగా, ఒక కాలు ముందుకు వేసి, కుడిచేత కత్తియో బల్లెమో, ఎడమచేత డాలో పట్టి నిలిచియుండును. ఊరి పసుల మందను మరలించుటకై ప్రాణమిచ్చిన వాడైనచో ప్రక్కన ఆవులుండును. నడిమి అంతస్తున అతనిని ఇరుప్రక్కల అప్సరసలు పట్టుకొని పైకి తీసికొనిపోవుచుందురు. పై అంతస్తున కైలాసము. శివలింగము, దానికెదుట నంది, చేతులు మోడ్చి కూర్చున్న ఆ వీరుడే. అన్నిటికిని పైన సూర్యచంద్రులు. అక్షరమొకటియు లేకున్నను ఆ రాయి క్రిందినుండి పైకి చదువబడును; కత్తిపట్టిన చేయి పైయంతస్తునకు చేరునప్పటికి అంజలిగా మారియుండుటను శిల్పి యెంత శ్రద్ధతో చూపెనో గమనింపవలెను.

స్వీడను దేశమునకు చెందిన గోట్లాండ్ ద్వీపమున ఇంచుమించు ఇదే కథ వేరొక రూపమున శిలలపై కలదు. అయిదవ శతాబ్దినుండి పదునొకండవ శతాబ్దివరకు ఆ ద్వీపవాసులు నిలిపిన చిత్రశిలలలో, ఒక తెగవానిపై అడుగున తెరచాప విప్పిన ఓడయు అందులో యోధులును ఉందురు. పైభాగమున గుఱ్ఱమునెక్కి వచ్చుచున్న వీరుడును, అతనికి ఎదురేగి పానీయము నిండిన కొమ్మును అందించు స్త్రీయు నుందురు. చాంగ్‌విడె శిలపై ఆ గుఱ్ఱమునకు ఎనిమిది కాళ్ళు. అది వారి దేవుడైన ఓడినుని వాహనము. వీరమరణము పొందినవానిని పరలోకమున ఒక స్త్రీ యెదుర్కొనునను విశ్వాసము, ఒండొరుల పేరైనను ఎరుగని ఈ రెండు జాతులలోను ఇంత సదృశముగా రాతికెక్కుట నన్ను ఎన్నిమార్లో విస్మితుని చేసినది. ఒకరినుండి యొకరు నేర్చిరనుటకు తావు లేదు. కుమారుని పోగొట్టుకొన్న తల్లికి, వాడెక్కడనో ఆదరింపబడుచున్నాడను నమ్మకము ఏ దేశమునందైనను కావలసియుండును గదా.

మృతులకొరకు రాయి నిలుపు ఆచారము మనయందు వీరగల్లులతో పుట్టినది కాదు. నల్లమలకు ఆవల, కృష్ణానది దిగువన, నాగార్జునకొండయందు ఇక్ష్వాకుల నాటికే, అనగా మూడు నాలుగు శతాబ్దులనాటికే, ఛాయాస్తంభములను స్మారకశిలలుండెను. రాజునకు, సేనానులకు, యుద్ధమున మడిసిన భటులకు మాత్రమే గాక, ఒక శిల్పకారునికి సైతము అట్టి స్తంభము నెత్తిరి. దానికిని వెనుకటివి అక్షరములు పుట్టకముందటి నిలువురాళ్ళు. నేడు నారాయణపేట జిల్లాలో చేరిన ముడుమాల గ్రామమున కృష్ణ యొడ్డున నిలిచియున్నవానిని యునెస్కో వారసత్వపు తాత్కాలిక జాబితాలో 2025లో చేర్చినారు.

ఇక స్త్రీల రాళ్ళు. స్వీడనులోని ఉప్లాండ్ సీమలో రూన్ శిలలు వెయ్యికి పైగా నున్నవి. హిల్లర్‌షో అను చోట నేలకు అంటియున్న ఒక బండపై పదునొకండవ శతాబ్దిలో చెక్కిన శాసనము ఆ సీమలోకెల్ల దీర్ఘమైనది. అది ఏ రాజు విజయమును గూర్చియు కాదు. గెయిర్లౌగ్ అను స్త్రీ యింటి కథ. ఆమెను చిన్నతనముననే ఒకడు పెండ్లాడెను, కొడుకు పుట్టెను, భర్త నీట మునిగిపోయెను, తరువాత ఆ కొడుకును చనిపోయెను. ఆమె రెండవ పెనిమిటిని చేసికొనెను. బిడ్డలు కలిగిరి గాని బ్రదికినది ఇంగా అను ఒక కూతురే. ఇంగా రాగ్న్‌ఫాస్ట్ అనువానిని పెండ్లాడెను. అతడు చనిపోయెను, వారి కొడుకును చనిపోయెను. కొడుకు ఆస్తి తల్లియగు ఇంగాకు వచ్చెను. ఇంగా మరల పెండ్లాడి, తానును మరణించెను. అప్పుడు కూతురి ఆస్తి తల్లియైన గెయిర్లౌగునకు సంక్రమించెను. చివర ఈ రూనులను చెక్కినవాడు కవియైన థోర్బ్యోర్న్ అని సంతకము. ఇంతే ఆ శాసనము. ఒక్క విశేషణమైనను లేదు, ఏడుపు లేదు, ఎవరికి ఎవరి ఆస్తి వచ్చినదో చెప్పు దస్తావేజు మాత్రమే. కాని ఆ దస్తావేజును చదువుచున్నకొలది, ఆస్తి యొకరినుండి యొకరికి వచ్చిన ప్రతిమారును ఆ యింట ఒకరు తగ్గుచు వచ్చిరను సంగతి మనస్సున నాటుకొనును. రెండు పెండ్లిండ్లు చేసికొని, కొడుకును కూతురిని మనుమనిని సాగనంపి, మిగిలిన భూములన్నిటికిని ఒంటరి వారసురాలై నిలిచిన ఆ ముదుసలి దుఃఖము కావ్యములలో సైతము ఇంత నిబ్బరముగా చెప్పబడినట్లు నేనెరుగను.

ఈ గెయిర్లౌగునకు సాటిగా నిలువదగిన స్త్రీ మన పాలమూరులో కలదు. నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని నందివడ్డెమాను పూర్వము వర్ధమానపురము. కాకతీయ సామంతులైన గోనవారికి అది రాజధాని. ఆ వంశమున పుట్టిన గోన బుద్ధారెడ్డి పేర ద్విపద రామాయణమగు రంగనాథ రామాయణము వెలసినది. అతని కూతురు కుప్పాంబిక మాల్యాల గుండదండనాథుని పెండ్లాడెను. భర్త గతించిన పిమ్మట ఆమె అతని పేర గుండేశ్వరాలయము నెత్తించి, బూదపూరున 1276లో శాసనము వేయించెను. బూదపూరు నేటి మహబూబ్‌నగరు జిల్లా భూత్పూరు. తొలి తెలుగు కవయిత్రి యీమెయేనని సాహిత్యచరిత్రకారులు పలువురు పేర్కొందురు. మనవారు ఆ శాసనమును కాకతీయ సామంతుల వంశక్రమమును తేల్చుకొనుటకు చదివిరి, బిరుదులను లెక్కపెట్టిరి, తిథివారనక్షత్రములను సరిచూచిరి. అవన్నియు చేయదగిన పనులే. కాని ఆ బిరుదుల వరుసల వెనుక భర్త పేరు ప్రతిదినము పూజవేళ ఉచ్చరింపబడవలెనని కోరిన ఒక వితంతువు నిలిచియున్నది. శివుని పేరు చెప్పినప్పుడెల్ల గుండయ పేరు చెప్పక తప్పని విధముగా ఆమె దేవునకే భర్త పేరు పెట్టినది. ఇంతకంటె గట్టి స్మారకమును ఏ దేశపు స్త్రీయైనను ఊహింపగలిగెనా?

నార్వేలోని డిన్నా శిల కూడ ఈ సందర్భమున స్మరణీయము. పదునొకండవ శతాబ్దిలో గున్వర్ అను తల్లి, చనిపోయిన తన కూతురు ఆస్ట్రిడ్ స్మృతికై ఒక వంతెన కట్టించి, ఆ సంగతిని రాతిపై చెక్కించెను. ఆ సీమలోని కన్యలలో తన కూతురే చేతిపనియందు మిక్కిలి నేర్పరియని ఆ తల్లి చెప్పుకొన్నది. కొత్తగా క్రైస్తవమును స్వీకరించిన ఆ దేశమున, బాటసారులకు వంతెన కట్టుట మృతుల ఆత్మకు మేలని నమ్మిరి. మనవారు అదే నమ్మకముతో చెరువులు త్రవ్వించిరి, అఖండదీపములకు నూనె ఏర్పరచిరి, గుడికి మర్తురులకొలది నీరునేల నిచ్చిరి. రుద్రమదేవి మరణకాలమును మనకు తెలిపినది ఏ మహాకవి ప్రశస్తియో కాదు. నల్లగొండ సీమలోని చందుపట్లలో, ఆమెకును సేనాని మల్లికార్జున నాయనికిని పుణ్యముగా, ఆ నాయని బంటు పువ్వుల ముమ్మడి యనువాడు 1289లో దేవునకు భూమినిచ్చి వేయించిన చిన్న శాసనము. ఒక మామూలు భటుడు ఆ రాయి నిలుపకున్నచో, మహారాణి అంత్యము నేటికిని ఊహాపోహలకే వదలియుండెడిది.

రాయిని కాపాడుకొనుటకు ఉభయులును శాపములనే నమ్మిరి. డెన్మార్కులోని గ్లావెన్‌డ్రుప్ శిలను రాగ్న్‌హిల్డ్ అను స్త్రీ తన భర్త అల్లె స్మృతికై నిలిపి, దీనికి హాని చేయువాడును, వేరొకరికొరకు దీనిని లాగుకొనిపోవువాడును శాపగ్రస్తుడగునని చెక్కించెను. స్వీడనులోని బ్యోర్కెటోర్ప్ నిలువురాయి, నాలుగు మీటర్లకు మించిన ఎత్తున నిలిచి, తన్ను పగులగొట్టినవానికి దుర్మరణము తప్పదని బెదరించుచున్నది. మన శాసనములలో భూమిని హరించినవాడు అరువది వేల యేండ్లు క్రిమియై పుట్టుననియు, గంగయొడ్డున కవిలగోవును చంపిన పాపమున పోవుననియు చదువుదుము. ఇందొక భేదము కలదు. దానిని నేను ముఖ్యముగా భావించుచున్నాను. వారి శాపము రాతిని ముట్టినవానిపై. మన శాపము దానమును చెరచినవానిపై. వారికి రాయియే కానుక. మనకు రాయి కానుకకు సాక్షి. ఆ కారణముననే గాబోలు, మాన్యములు చేతులు మారి, దీపములు కొండెక్కి, దానమే అంతరించినపుడు, సాక్షితో మనవారికి పని లేకపోయినది. శాసనపు రాళ్ళు కొన్ని మెట్లుగాను, కొన్ని తూము పలకలుగాను, కొన్ని చాకిరేవు బండలుగాను మారినవి. భక్తి మిగిలిన చోట్ల వీరగల్లులకు సున్నమును, పసుపును, నూనెయు పూయుచు వచ్చిరి. ఆ ఆదరము వలన రాయి నిలిచినది గాని, పొరలుపొరలుగా పేరుకొనిన పూత క్రింద అక్షరము కనుమరుగైనది.

చెక్కినవారి మాట చెప్పక ఈ ప్రసంగమును ముగింపజాలను. ఉప్లాండులో పదునొకండవ శతాబ్ది చివర ఓపిర్ అను శిల్పి పేరు మ్రోగినది. సర్పము చుట్టలు చుట్టుకొని, దాని శరీరమే పంక్తియై అక్షరములను మోయు చిత్రరీతిలో అతడు ఆరితేరినవాడు. సుమారు ఏబది రాళ్ళపై అతని సంతకము కలదు. బల్లి, ఫోట్, ఆస్ముండ్ మొదలగువారును తమ పేర్లను దాచుకొనలేదు. మన శిల్పులు పేరు చెప్పుకొనని వినయవంతులని పలువురు వ్రాయుచుందురు. అది సరికాదు. హైదరాబాదునకు సమీపమున కీసరగుట్ట బండపై విష్ణుకుండినుల నాటి లిపిలో తొలుచువారిని గూర్చిన తెలుగు మాటయే చెక్కబడి యున్నది. తెలంగాణమున రాతిపై దొరికిన మిక్కిలి ప్రాచీనమైన తెలుగు మాటలలో అది చేరియుండుట, అది రాజును గాక రాళ్ళు తొలుచు వారిని చెప్పుట, నాకు పరమానందము కలిగించు విషయము.

కాని చేతిపని వారికి రాతిపై దక్కిన గౌరవములలో అగ్రస్థానమును నేను రాయచూరు కోటకు ఇత్తును. గద్వాలకు పడమర నున్న ఆ కోటలో, సుమారు నలువదియొక్క అడుగుల పొడవుగల ఒకే బండ గోడలో పొదుగబడి యున్నది. దానిపై 1294 నాటి తెలుగు శాసనము. వర్ధమానపురపు గోన గన్నారెడ్డి ఏలుబడిలో, అతని మంత్రి విఠలనాథుడు కోట కట్టించిన సంగతిని అది తెలుపుచున్నది. అడివి బాపిరాజుగారి నవల వలన మన యింటింటను తెలిసిన గన్నారెడ్డి యతడే. అచ్చటనే గోడపై, ఆ మహాశిలను గనినుండి కోటకు చేర్చిన విధమంతయు చిత్రముగా చెక్కబడి యున్నది: గట్టి చక్రముల బండి, దానిని లాగు పశువుల బారు, వానిని అదలించుచున్న తోలరులు, వెనుకనుండి చక్రములకు గడలు తన్ని ముందుకు త్రోయుచున్న పనివారు. కోట కట్టించినవారి పేరు అక్షరములలోనున్నది. రాయి మోసినవారి శ్రమ బొమ్మలోనున్నది. అక్షరము రానివాడును ఆ గోడముందు నిలిచి తన తాతల పనిని గుర్తింపగలడు. రాళ్ళు కొట్టుట, కట్టలు కట్టుట వృత్తిగా దేశమంతట ఆనకట్టలకు కూలికిపోయిన పాలమూరు వడ్డెరలకు ఇంతకంటె యోగ్యమైన వంశచరిత్ర వేరొకటి లేదని నా నిశ్చయము.

తమ రాళ్ళను చదువుట స్వీడనువారు ముందుగా ఆరంభించిరి. యోహన్నెస్ బురేయుస్ 1599 నుండి దేశము తిరిగి రూన్ శిలలను చిత్రించెను. 1630లో పురాతత్త్వమునకై ప్రత్యేకముగా ఒక పదవి యేర్పడగా, దానిని తొలుత అధిష్ఠించినది అతడే. 1666లో ప్రాచీన చిహ్నములను చెరుపరాదని రాజశాసనమే వెలువడెను. నైజాము రాజ్యమున పురావస్తుశాఖ 1914లో గులాం యజ్దానీ ఆధ్వర్యమున నెలకొన్నది. 1923లో కొమర్రాజు లక్ష్మణరావుగారు కీర్తిశేషులు కాగా, వారి పేర హైదరాబాదున పరిశోధకమండలి ఏర్పడెను. ఆదిరాజు వీరభద్రరావుగారు మొదలగువారు ఎండనక వాననక ఊరూర తిరిగి కూర్చిన తెలంగాణా శాసనములు మొదటి సంపుటము 1935లోను, రెండవది 1960లోను వెలువడినవి. నడిగడ్డలోనే జన్మించిన సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను ప్రకటించి, రాజుల యుద్ధములను ప్రక్కనబెట్టి జనుల తిండి, బట్ట, ఆట, పాట, నమ్మకములను చరిత్రగా వ్రాయవచ్చునని నిరూపించిరి. నేను పైన కోరిన దృష్టికి మార్గదర్శి వారే.

ఆలంపురమున 1952లో వస్తుప్రదర్శనశాల యేర్పడెను. గడియారం రామకృష్ణశర్మగారు (1919-2006) ఆ యూరినే తమ కార్యక్షేత్రముగా చేసికొని, పడియున్న శిల్పములను ఏరి, శాసనములను చదివి, 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలను అక్కడికి రప్పించిరి. ఆ శ్రమకథ వారి స్వీయచరిత్రమగు శతపత్రమున కలదు. వారి మరణానంతరము దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. శ్రీశైలము ఆనకట్ట నీరు కృష్ణ వెంబడి పైకి ప్రాకినపుడు, సంగమమునందలి కూడవెల్లి ఆలయమును రాయిరాయిగా విప్పి ఆలంపురమునకు తెచ్చి మరల నిలిపిరి. జటప్రోలు, సోమశిల ఆలయములను కూడ ఎత్తుగడ్డకు చేర్చిరి. ఆలయములకు ఆదరువు దొరకినది. ఊరి వెలుపల నిలిచిన ఒంటి వీరగల్లునకు గోపురము లేదు, పూజారి లేడు. అట్టివానికొరకు ఎత్తుగడ్డలను వెదకువారు అరుదు.

పాలమూరు సీమలోని పాఠశాలల ఉపాధ్యాయులకు నా విన్నపమొకటి. రాతినుండి అక్షరమును కాగితమునకు దింపుట పెద్ద యంత్రములతో పని కాదు. రాతిని నీటితోను, మెత్తని కుంచెతోను కడిగి, తడిపిన కాగితమును దానిపై పరచి, పొడవు పిడిగల గట్టి కుంచెతో మెల్లమెల్లగా కొట్టుచు పోయినచో, కాగితము గుంతలలోనికి దిగి అక్షరముల ఆకారమును పట్టుకొనును. కొంచెము ఆరిన పిమ్మట, గుడ్డను ఉండగా చుట్టి నల్లసిరాలో ముంచి, పైపైన అద్దవలెను. రాతి ముఖమంతయు నల్లబడును. ఉలి దిగిన చోటు మాత్రము తెల్లగా నిలుచును. రాయి పాదము మట్టిలో నున్నచో మూరెడు త్రవ్వి చూడవలెను, ఏలయన వీరుని పేరు పెక్కుచోట్ల ఆ అడుగు పంక్తియందే యుండును. వెనుకభాగమును కూడ మరువరాదు. పూజలందుకొను రాయియైనచో ఊరి పెద్దల అనుమతి లేనిదే పూతను ముట్టరాదు. కాగితము అంచున ఊరిపేరు, రాయి యున్న చోటు, తేది వ్రాసి, ఆరిన తరువాత మడవక చుట్టగా చుట్టి భద్రపరచవలెను.